పడవ ఆట ఎందుకు ఆగిపోతోంది

తలుపు మూసిన 3,271వ రోజు, రెండో షిఫ్టు

ఆసుపత్రి వార్డు మిషను కడిగాను. ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్న గట్టయ్య దినం నిన్న అయిపోయింది. దినం మర్నాడు ఇంటికి సున్నం వేసినట్టే, పోయిన మనిషి చేతి కింద నడిచిన కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచి కొత్తగా సిస్టమ్ ఎక్కించాలని మా గనిలో ఆనవాయితీ. ఎవరు పెట్టారో తెలియదు. మైల మిషనును జనం ముట్టుకోరు. కాపీ తీసి దాచడం కూడా తప్పే, పోయినవాడు విడిచిన బట్టలు దాచుకున్నట్టని అంటారు.

నాకైతే సంతోషంగానే ఉంది. గట్టయ్య మంచివాడే గానీ పద్ధతిగా పనిచేసే మనిషి కాదు. డిస్కు నిండా పేరూ ఊరూ లేని ఫైళ్లు. తలుపు మూసిననాటి నుంచి గోదాములో ఒక డ్రైవు నిండా అప్‌డేట్లు పడి ఉంటే ఒక్కటీ వేయలేదు. అడిగితే "నడుస్తాంది గదా, ముట్టకు" అనేవాడు. తొమ్మిదేళ్లు అదే మాట. నేను మొత్తం వేశాను, పదకొండు అప్‌డేట్లు. నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు మిషను నొక్కితే చాలు లేస్తోంది.

ఈ పుస్తకంలో రోజూ రాయాలని, షిఫ్టుల లెక్క చూసే టైమాఫీసు హుకుం. మిషన్లు నేనే చూడాలి, పుస్తకమూ నేనే నింపాలి. సరే, రాశాను. ఓదెలు, మిషన్ల పని.

3,272వ రోజు, మొదటి షిఫ్టు

పడవ ఆట ఆగిపోయిందని వార్డు నుంచి కబురు. వెళ్లేసరికి నా భార్య భూలక్ష్మి గొట్టం చేత్తో పట్టుకుని నల్లటి తెర వైపు చూస్తోంది.

"ఏందయ్యా, నీ కొత్త మిషను నా పడవను మింగింది" అంది.

"మింగదు, కక్కిస్త ఆగు" అన్నాను.

మళ్లీ పెట్టాను. ఆరు నిమిషాలు నడిచింది. తెర మీద నది, నది మీద తెరచాప పడవ. నోట్లో గొట్టం పెట్టుకుని ఊదితే పడవ కదులుతుంది. బాగా ఊదితే రేవు దాటుతుంది. ఆరో నిమిషంలో ఆమె ఊదుతుండగానే ఆట మొత్తం మూసుకుపోయింది. ఆటతో పాటు గొట్టంలో ఉన్న మూత కూడా పడిపోతుంది గనక, ఊపిరి మధ్యలో తట్టుకుని ఐదు నిమిషాలు దగ్గింది. నాకు ఒళ్లు మండింది. మిషను మీదే.

డాక్టర్ నఫీసా పక్కకు పిలిచి చెప్పింది. "ఓదెలన్నా, పేరుకే అది ఆట. షిఫ్టుకు ఇరవై నిమిషాలు గట్ల ఊదితెనే లోపల కఫం కదుల్తది. ఉత్త గొట్టం ఇస్తె రెండు నిమిషాలకు వదిలేస్తరు, నొప్పి. పడవ కోసమైతె ఊదుతరు. మందు ఎనిమిది గంటలే పనిచేస్తది, ఆ పైన చెయ్యది. కఫం పేరుకుంటె ఆ మందుకు కూడ లోపల జాగ ఉండది."

రేపటికల్లా బాగు చేస్తానని మాటిచ్చాను.

3,274వ రోజు, రెండో షిఫ్టు

గ్రాఫిక్స్ డ్రైవర్ అనుకున్నాను. కొత్త సిస్టమ్ వేసినప్పుడు ఆటలు చావడానికి పది సార్లలో ఎనిమిది సార్లు కారణం అదే. కొత్తది తీసి పాతది పెట్టాను. పద్దెనిమిది నిమిషాలు నడిచింది. అయిపోయిందిరా బాబూ అని అందరికీ చెప్పేశాను, పక్క మంచం దుర్గయ్య నాకు దండం కూడా పెట్టాడు. పందొమ్మిదో నిమిషంలో పోయింది.

తర్వాత నాలుగు నిమిషాలకు పోయింది. ఆ తర్వాత దుర్గయ్య ఊదితే ఇరవై నిమిషాలూ నడిచింది. ఆ వెంటనే భూలక్ష్మికి పెడితే మళ్లీ పోయింది. ప్రతిసారీ పోతే పట్టుకోవచ్చు. ఒకసారి పోయి ఒకసారి పోని జబ్బంటే నాకు చెడ్డ చిరాకు.

వార్డులో తొమ్మిది మంది ఉన్నారు. అందరూ పైన గాలి జల్లెడలు దులిపినవాళ్లే. బయటి దుమ్ము గనిలోకి రాకుండా ఆ జల్లెడలు ఆపుతాయి, వాటిని దులిపేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి మాత్రం వెళ్తుంది. భూలక్ష్మి ఏడేళ్లు దులిపింది. నన్ను ఆ పనికి పిలిస్తే, మా ఆయనకు మిషన్ల పని తప్ప చేతకాదని టైమాఫీసుకు చెప్పి తానే పోయింది. ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది.

3,276వ రోజు, మొదటి షిఫ్టు

సేవ్ ఫైలు చెడిపోయిందేమో అనుకున్నాను. ఆటను పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించాను. దాంతో అందరి రేవులూ పోయాయి. భూలక్ష్మి రెండేళ్లు ఊది పద్నాలుగో రేవు దాకా పోయింది, వార్డులో ఎవరూ అంత దూరం పోలేదు. ఇప్పుడు తెర మీద మొదటి రేవు అని చూపిస్తోంది.

"అడగకుండ తీసేసినవా?" అంది.

"అడిగితె వద్దంటవు గదా."

"అంటనే మరి."

అటు తిరిగి పడుకుంది. ఇంత చేసినా ఆట తొమ్మిదో నిమిషంలో పోయింది. ర్యామ్ కార్డులు ఒక్కొక్కటిగా తీసి చూశాను, బాగున్నాయి. వేడెక్కుతోందేమోనని పెట్టె మూత తీసి ఫ్యాను పెట్టాను, చల్లగానే ఉంది.

3,278వ రోజు, రెండో షిఫ్టు

పదకొండు అప్‌డేట్లనూ వెనక నుంచి ఒక్కొక్కటిగా తీశాను. ఒకటి తీయడం, ఆట పెట్టి నేనే ఇరవై నిమిషాలు ఊదడం, పోగానే ఇంకొకటి తీయడం. నా దవడలు పీక్కుపోయాయి. అన్నీ తీసేసినా పోతూనే ఉంది. అంటే గట్టయ్య నడిపిన సిస్టమే ఇప్పుడు నా ముందు ఉంది, కానీ గట్టయ్య దగ్గర నడిచింది నా దగ్గర నడవడం లేదు. వాడు అందులో ఏదో పెట్టుకున్నాడు. అది నేను తుడిచేసిన చెత్తలో ఉంది. మైల అంటూ కాపీ కూడా తీయలేదు. ఎవరిని తిట్టాలో తెలియక గట్టయ్యనే తిట్టాను.

భూలక్ష్మికి ఎక్కువైంది. కూత ముందు ఆయాసం వార్డులో అందరికీ ఉన్నదే. షిఫ్టు మారే సైరన్ కూయడానికి ముందు తొమ్మిది మందికీ ఊపిరి అందదు. సైరన్ కూయగానే మందు ఇస్తారు, తేరుకుంటారు. ఈ జబ్బు తీరే అంత అనుకుంటాం. అయితే ఇవాళ ఆమె పెదవులు నల్లబడ్డాయి. నా చొక్కా పట్టుకుంది గానీ మాట రాలేదు. మందు పీల్చాక కూడా మామూలు మనిషి కావడానికి గంట పట్టింది.

"ఇట్లనే ఇంకో రెండు మూడు రోజులైతె తట్టుకోలేదు" అని నఫీసా నా ముఖం మీదే చెప్పింది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం.

3,280వ రోజు, రెండో షిఫ్టు

దొరికింది.

మొదటి రోజే చేయాల్సిన పని ఇవాళ చేశాను. సిస్టమ్ తనంతట తాను రాసుకునే లాగ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. అందులో ప్రతి పది నిమిషాలకూ ఒకే వాక్యం ఉంది: గడియారం 50 సెకన్లు వెనక్కి జరిపాను. ఈ వాక్యం నేను మొదటి రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను, ఏదో సొద అని దాటేస్తూ వచ్చాను.

గనిలో సొంత గడియారాలు ఎవరికీ లేవు. తలుపు మూసిన రోజే అందరి దగ్గరా తీసుకున్నారు, గొడవలు ఉండకూడదని. టైమాఫీసు గడియారం ఒక్కటే ఉంది. సైరన్ కూసేది దాన్ని బట్టే, గోడల మీద అంకెలు మారేది దాన్ని బట్టే, కంప్యూటర్లన్నీ తీగ మీద పది నిమిషాలకోసారి దాన్ని అడిగి సరిచేసుకునేదీ దానితోనే. పడవ ఆట ఏం చేస్తుందంటే, మనిషి ఊపిరి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో గడియారం చూసి కొలుస్తుంది. ఊపిరి మధ్యలో గడియారం వెనక్కి జరిగితే, మొదలుకాక ముందే ఆగిన ఊపిరి కింద లెక్క వస్తుంది. ఆ లెక్క దానికి అర్థం కాదు, మూసుకుపోతుంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య జరిగితే ఏమీ కాదు. అందుకే ఒకసారి పోయింది, ఒకసారి పోలేదు.

తీగ పీకేశాను. టైమాఫీసు తీగ పీకడం నేరం, తెలుసు. భూలక్ష్మి ఇరవై నిమిషాలూ ఊదింది. కఫం గిన్నెడు పడింది. రెండో రేవు దాటి నా వైపు చూసి బొటనవేలు ఊపింది. ఎన్ని రోజులైందో ఆమె అలా నవ్వి. నాకు ఏడుపొచ్చింది, స్క్రూలు వెతుకుతున్నట్టు బల్ల కిందకు వంగాను.

ఇక మిషనులో గడియారం ఎందుకు అంత ముందుకు పరుగెత్తుతోందో చూడాలి. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ మార్చాను, మార్పు లేదు. గోదాము నుంచి వేరే బోర్డు తెచ్చి పెట్టాను. గోడ మీది అంకెలతో పోల్చి చూస్తే అదీ పది నిమిషాలకు సరిగ్గా యాభై సెకన్లు ముందుకు పోయింది. రెండు వేర్వేరు బోర్డులు ఒకే తప్పు చేయవు.

3,281వ రోజు. ఇది తర్వాత రాస్తున్నాను.

మొదటి షిఫ్టు చివర్లో వార్డుకు వెళ్లాను. మంచం పైన కొక్కేనికి దారం కట్టి, దారానికి బోల్టు వేలాడదీశాను. దారం మీటరుకు పావు అంగుళం తక్కువ ఉండేలా టేపుతో కొలిచాను. అంత పొడుగు దారం ఆ చివర నుంచి ఈ చివరకు ఊగడానికి ఒక సెకను పడుతుంది. బడిలో చెప్పిందే. దానికి బ్యాటరీ అక్కర్లేదు, టైమాఫీసు తీగ అక్కర్లేదు.

గోడ మీద అంకె మారగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూరు అయినప్పుడల్లా భూలక్ష్మి ఒక వేలు ముడిచింది. గోడ మీద పది నిమిషాలు అయ్యేసరికి ఆరు వందలు రావాలి. ఆరు వందల యాభై వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాం, అంతే వచ్చింది. మూడోసారీ అంతే.

మిషను తప్పు కాదు. గోడదే తప్పు. టైమాఫీసు గంట అరవై నిమిషాలు కాదు, అరవై ఐదు. రోజు ఇరవై నాలుగు గంటలు కాదు, ఇరవై ఆరు.

భూలక్ష్మికి చెప్పాను. ఆమె ముడిచిన వేళ్ల వైపు చూసుకుని, "అయితె నేను అనుకున్నదానికంటె ముసలిదాన్నయినన్నట్టు" అంది. నవ్వబోయి దగ్గింది. అప్పటికే ఆయాసం మొదలైంది.

నాకు నవ్వు రాలేదు. ఎనిమిది గంటల షిఫ్టు అని చెప్పి ఎనిమిది గంటల నలభై నిమిషాలు చేయించారు. రోజుకు ఇంత తిండి అని చెప్పి రోజునే సాగదీశారు. లేచి నిలబడ్డాను.

"యాడికి?" అంది.

"టైమాఫీసుకు. ఆ రాజమౌళి గల్ల పట్టుకొని అడుగుత."

"గొడవ పెట్టుకోకు. జరసేపు కూసోరాదు."

"ఇంక ముప్పావు గంటల కూత పెడ్తరు, మందిస్తరు. నేను గంతల వస్త" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వెళ్లాను.

రాజమౌళి సారు టైమాఫీసులో ఒక్కడే ఉన్నాడు. తలుపు మూసినప్పటి నుంచి గని పెద్ద ఆయనే. నేను అరిచిందంతా విన్నాడు. కాదనలేదు.

"కూసో ఓదెలూ. రెండో ఏడు గనిల దీపాల కింద ఏసిన పంట పోయింది, యాదికున్నదా? రోజుకు నిమిషం పెంచిన. ఎవలకు తెలువలే. ఇంకో నిమిషం పెంచిన. గిట్ల గిట్ల రెండు గంటలైంది. తిండి రోజు లెక్కన ఇస్తం గదా. పన్నెండు రోజుల బియ్యం పదమూడు రోజులకొచ్చింది. గట్లనే నాలుగు వందల మంది బతికిన్రు."

"గట్టయ్యకు తెలుసా?"

"తెలుసు. వార్డు మిషను ఆగిపోతాందని నీ లెక్కనే వచ్చిండు. నేను చెప్పిన. మిషను గడియారం నెమ్మదిగ నడిచేటట్టు ఏందో చిన్నది రాసుకున్నడు, మళ్ల ఆగలే. సచ్చేదాక ఎవలకు చెప్పలే."

నేను ఇంకా అరిచాను. మా ఒళ్లు విరగ్గొట్టారని, మమ్మల్ని పశువుల్లా చూశారని అన్నాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు. "తిండి లేక ఒక్కలన్న సచ్చిండ్రా? రెండు గంటలతోని ఎవలకు నష్టమైందో ఒక్కల పేరు చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. మందు ఎనిమిది గంటలే పనిచేస్తుంది. మందిచ్చేది కూతకు. కూతకూ కూతకూ మధ్య ఎనిమిది గంటల నలభై నిమిషాలు. కూత ముందు ఆయాసం అని మేము పేరు పెట్టుకున్నది ఆ నలభై నిమిషాలే.

ఆ మాట పైకే అన్నాను. రాజమౌళి సారు ముఖం పాలిపోయింది. ఆయన బియ్యం గురించి తప్ప దేని గురించీ ఆలోచించలేదని నాకు అప్పుడే అర్థమైంది. "మా అమ్మ గా వార్డులనే పోయింది" అన్నాడు. నేను అప్పటికే తలుపు దగ్గరున్నాను.

టైమాఫీసు నుంచి వార్డుకు రెండు వరుసల మెట్లు, పొడుగు సొరంగం. పరుగెత్తాను. వెళ్లేసరికి నఫీసా భూలక్ష్మి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది. మందు సీసా మంచం మీద తెరిచే ఉంది. ఆయాసం ఎక్కువైతే కూత దాకా ఆగకుండా ఇచ్చేశానని, అప్పటికి లోపలికి పీల్చే శక్తి లేదని నఫీసా చెప్పింది. భూలక్ష్మి పోయిన పదకొండు నిమిషాలకు సైరన్ కూసింది.

నిజం తెలిశాక నేను చేసిన మొదటి పని మందు ఇమ్మని అడగడం కాదు, తగవుకు పోవడం. నా చేతిలో లెక్క ఉంది. ఆమె ఎదురుగా ఆయాసపడుతోంది. ఆ రెండూ కలిపి చూడలేదు. నన్ను దోచుకున్నారన్న కోపం తప్ప నా తలలో ఇంకేమీ లేదు. ఆమె కూర్చోమంది. కూర్చుని ఉంటే, ఆమె ముఖం చూస్తూ ఉంటే, అక్కడే తట్టేది.

రోజు అంకె వేయడం లేదు, అది తప్పని తెలుసు గనక

నఫీసా వార్డు పుస్తకం తీసి చూసింది. ఇప్పటిదాకా వార్డులో ముప్పై ఒక్కమంది పోయారు. అందులో ఇరవై ఏడుగురు షిఫ్టు చివరి గంటలో పోయారు. పేజీలన్నీ రెండుసార్లు తిప్పింది.

"అన్ని సావులు నేనే రాసిన, ఓదెలన్నా. అన్నిట్ల టైము రాసిన. ఒక్కసారన్న ఎందుకని అడగలే" అంది.

రాజమౌళి సారు మా ఇంటికి వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు. వార్డుకు మందు కూతతో పని లేకుండా అసలు ఎనిమిది గంటలకు ఇద్దామన్నాడు. అలా ఇస్తే ఉన్న మందు ముందుగానే అయిపోతుంది, అప్పటి సంగతి అప్పుడు చూద్దామన్నాడు. సైరన్ మాత్రం మార్చలేనన్నాడు. మారిస్తే వచ్చే పంటకు ముందే బియ్యం నిండుకుంటాయి. జనానికి తెలిస్తే గోదాము తలుపులు నిలవవు.

"నువ్వు బయట చెప్తనంటె ఆపే తాకత్ నాకు లేదు" అన్నాడు.

గొంతు పట్టుకోవాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది కూడా. కోపంతో చేసిన పని ఒకటి అప్పటికే వార్డులో ఖాళీ మంచంగా ఉంది. మిగిలిన ఎనిమిది మందికి అలా మందు ఇవ్వడం వెంటనే మొదలుపెట్టమని చెప్పాను. నేను నోరు మూసుకుంటానని చెప్పాను. ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు. చెప్పకపోవడం వల్ల నాలుగు వందల మంది మోసంలోనే ఉంటారు, అది తెలుసు.

భూలక్ష్మి దినం, పదకొండో రోజు లోపు ఈ కాగితాలు ఈ పుస్తకంలోంచి చింపేసి నా దగ్గర పెట్టుకుంటాను. టైమాఫీసుకు ఇచ్చే పుస్తకంలో వేరే రాస్తాను.

ఇంకో రోజు

వార్డులో అసలు టైము చెప్పే గడియారం ఆ ఒక్క మిషనే. తీగ పీకేసి ఉంది గనక ఆట ఆగడం లేదు, గంటలూ సరిగ్గా ఉంటున్నాయి. ఎనిమిది గంటలు కాగానే నేను నఫీసాకు సైగ చేస్తాను, ఆమె మందు పంచుతుంది. కూతకు ముందే మందు ఎందుకొస్తోందని రోగులు అడిగారు. కొత్త సిస్టమ్ అట్ల చెప్తాంది అన్నాను. నమ్మారు.

ఇవాళ మందు ఇచ్చాక దుర్గయ్య పడవ ఆట ఆడాడు. మూడో రేవు దాటాడు. ఆడి పడుకున్నాడు. సైరన్ కూసి పది నిమిషాలు దాటాక కళ్లు తెరిచి, కూత పెట్టారా అని అడిగాడు. పెట్టారని చెప్పాను.

"నాకు ఇనరాలే. ఆయాసం రాలే గదనే, మెలకువే రాలే" అన్నాడు. లేచి కూర్చుని గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ ఊపిరి తీసి చూసుకున్నాడు. "ఓదెలూ, జర ముందుగాల బాగు చేస్తె భూలక్ష్మి కూడ ఉండేది గదరా."

అవునన్నాను. కాస్త పని ఉందని చెప్పి బయటికి వచ్చి సొరంగం గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండో షిఫ్టు వాళ్లు జల్లెడల వైపు పోతూ ఆగి, మిషను ఏమైంది, ఇప్పుడన్నా నడుస్తోందా అని అడిగారు. నడుస్తోందని చెప్పాను.